గుర్రపు నడక

విమలా టీచర్ పోయారన్న సంగతి సౌమ్య చెబితేనే నాకు తెలిసింది. మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం పొద్దున, హైదరాబాదులో నేను పిల్లలకు నాట్యం నేర్పే హాలు గుమ్మం దగ్గర ఒకావిడ చెప్పులు విప్పి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడింది. జుట్టు సగం నెరిసింది, ఒళ్ళు వచ్చింది. ముఖం చూసి పోల్చుకోలేకపోయాను గాని, బరువంతా ఎడమకాలి మీద వేసి కుడి మడమ కాస్త ఎత్తి నిలబడిన ఆ తీరు చూడగానే ఎవరో తెలిసిపోయింది. పదేళ్ళపాటు ఆ మడమ పక్కనే నా మడమ కూడా ఉండేది. సౌమ్య విమలా టీచర్ కూతురు. మేమిద్దరం కలిసి నాట్యం నేర్చుకున్నాం, ఒకే కాలేజీలో చదివాం. ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"అమ్మ పోయింది రిబ్కా," అంది. "నెల దాటింది. ఇక్కడే సంస్మరణ సభ పెడుతున్నాం. బహ్రెయిన్‌లో అమ్మ దగ్గర మొట్టమొదట చేరింది నువ్వే కదా. నువ్వొచ్చి నాలుగు మాటలు మాట్లాడితే బాగుంటుందని అందరూ అంటున్నారు."

మంచినీళ్ళు ఇచ్చాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని ఆమె ఇంకో మాట కూడా అంది. ఆ మాట ఎందుకు నన్ను అంతగా కోసిందో అర్థం కావాలంటే ముందు మా బహ్రెయిన్ రోజుల గురించి చెప్పాలి.

మా నాన్న యూసుఫ్ పూర్వీకులు నిజాం అశ్వదళంలో పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు. నాన్న పుట్టి పెరిగింది హైదరాబాదు ఏసీ గార్డ్స్ బస్తీలో. అమ్మ దీనమ్మ జనగామ దగ్గరి పల్లె నుంచి పట్నం వచ్చి ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరిన క్రైస్తవుల అమ్మాయి. నాన్న అదే ఆసుపత్రిలో అంబులెన్సు నడిపేవాడు. వాళ్ళు పెళ్ళి చేసుకున్నాక రెండువైపుల పెద్దవాళ్ళూ తలుపులు మూసేసుకుంటే, ముందు నాన్న, రెండేళ్ళకు నన్ను తీసుకుని అమ్మ బహ్రెయిన్ చేరారు. నాకు నాన్న రంగు, నాన్న జుట్టు, నాన్న పెదవులు వచ్చాయి. అమ్మ దగ్గర్నించి భాష వచ్చింది. నన్ను చూసినవాళ్ళు ఒక దేశం పేరు చెబుతారు, నా మాట విన్నవాళ్ళు ఇంకో ఊరి పేరు చెబుతారు.

సిత్రాలో ఒక పాత ఇంటి మేడ మీద మాకు రెండు గదులు ఉండేవి. గాలి తిరిగితే చాలు, రిఫైనరీ వాసన వంటింట్లోకి వచ్చి పోపు వాసనతో కలిసిపోయేది. నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో బస్సు డ్రైవరు. తెల్లారకముందే లేచి సల్మాబాద్ క్యాంపుకు వెళ్ళి పనివాళ్ళను ఎక్కించుకుని సిత్రా ట్యాంకుల దగ్గర దింపేవాడు. సాయంత్రం మళ్ళీ వాళ్ళను క్యాంపులో దింపి ఇంటికొస్తే ఒళ్ళంతా డీజిలు, ఇసుక. అమ్మ జుఫైర్‌లో ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని చేసేది. ఆమె చేతులు గంజి, బ్లీచింగు వాసన వేసేవి. నన్ను నిద్రపుచ్చేటప్పుడు చెంప మీద చెయ్యి వేస్తే ఆ ఘాటుకు కళ్ళు మండేవి, అయినా తియ్యనిచ్చేదాన్ని కాదు. శుక్రవారం పొద్దున తెలుగు ప్రార్థనకు వెళ్ళేవాళ్ళం. అద్దె హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, క్యాంపుల నుంచి ఇస్త్రీ చొక్కాలతో వచ్చిన మనుషులు, పాట మొదలవగానే వెనక వరసలో నాన్న వేళ్ళు కుర్చీ వీపు మీద తాళం వేసేవి. అక్కడ నాన్నను అందరూ యోసేపన్నా అని పిలిచేవారు. ఆయన వద్దనలేదు.

విమలా టీచర్‌గారి భర్త నాన్న పనిచేసే కంపెనీలోనే ఆఫీసరు. డ్రైవర్ల సెలవులు, కాగితాలు అన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి. నాకు పదేళ్ళప్పుడు కంపెనీ వాళ్ళు కుటుంబాలన్నిటినీ సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్ళారు. నాన్న ఖాళీ డబ్బా మీద మర్ఫా వాయిస్తుంటే నేను ఇసుకలో గెంతుతున్నాను. మర్ఫా అంటే హైదరాబాదు పెళ్ళిళ్ళలో మావాళ్ళు డోళ్ళతో వాయించే దరువు. టీచర్ కుర్చీలోంచి లేచి వచ్చి, ఖరీదైన చీర కుచ్చిళ్ళు ఇసుకలో పడుతున్నా చూసుకోకుండా నా ముందు గొంతుక్కూర్చుని నా రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకున్నారు. "ఏవమ్మా, ఈ పిల్లని నాకిచ్చెయ్యవూ?" అని అమ్మను అడిగారు. అప్పటిదాకా మమ్మల్ని తాకిన ఆఫీసరు భార్య ఎవరూ లేరు.

జుఫైర్‌లో వాళ్ళ ఫ్లాటు ఏడో అంతస్తులో ఉండేది. కింది వాటాలో వాళ్ళకు చప్పుడు వినిపించకుండా మూడు తివాచీలు ఒకదాని మీద ఒకటి పరిచి, వాటి మీద కూచిపూడి నేర్పేవారు. అగరొత్తులు, కాఫీ డికాక్షను, తడి జుట్టుకు పట్టించిన కొబ్బరినూనె, ఇవన్నీ కలిసిన వాసన ఆ ఇంటిది. పాఠం అయ్యాక సౌమ్యకూ నాకూ ఒకే కంచంలో ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెట్టేవారు. ముందు ముద్ద నాకే. సౌమ్య అలిగితే, "అది దూరం నుంచి వస్తుందే, నువ్వు గదిలోంచి వస్తావు" అనేవారు. నా జుట్టు ఎవరి దువ్వెనకూ లొంగేది కాదు. టీచర్ మాత్రం ఒక్కో పాయా విడదీసి, నొప్పి పుట్టకుండా అల్లి, సవరం పెట్టి పూలు చుట్టేవారు. ఇవన్నీ నిజంగా జరిగాయి. తరువాత ఏం జరిగినా ఆ ముద్దలు అబద్ధం కావు. అదే నా బాధ. మొదట్నించీ చెడ్డగా ఉన్న మనిషైతే ఎప్పుడో మరిచిపోయి ఉండేదాన్ని.

నాకు ఇంకో బడి కూడా ఉండేది. గురువారం ఒంటిపూటే పని కాబట్టి మధ్యాహ్నం బస్సు కడిగాక నాన్న నన్ను ముహర్రక్ తీసుకువెళ్ళేవాడు. అక్కడ ఒక సందులో తలుపులు తెరిచి ఉంచే పాత ఇల్లు. లోపల గోడ పొడవునా డోళ్ళు, మధ్యలో సన్నాయిలాంటి పెద్ద ఊదుడు వాద్యం. మా రంగే ఉన్న బహ్రెయిన్ ముసలివాళ్ళు గుండ్రంగా తిరుగుతూ ఆడేవారు. నాన్నకు పెట్రోలు బంకులో పరిచయమైన అబూ సలేం అనే పెద్దాయన మమ్మల్ని మొదటిసారి అక్కడికి తీసుకువెళ్ళాడు. ఆయన వచ్చీరాని హిందీలో నాన్నను అడిగాడు, "ఎక్కడివాడివి భాయ్?"

"హైదరాబాద్."

"దానికి ముందు?"

నాన్న భుజాలు ఎగరేశాడు.

"దానికి ముందు మనది ఒకటే ఊరు," అని అబూ సలేం నవ్వి, డోలు నాన్న ఒళ్ళో పెట్టాడు. నాన్న మర్ఫా మొదలుపెడితే ఆ ముసలివాళ్ళు రెండు క్షణాలు విని, ఏదో మరిచిపోయిన పేరు గుర్తొచ్చినట్టు తలలూపి అందుకున్నారు. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

స్కూలు అయ్యాక సౌమ్యా నేనూ మనామాలో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీలో చేరాం. మొదటి రోజు లెక్చరరు నన్ను చూసి, మీ దేశంలో ఇంగ్లీషు మీడియమేనా అని అడిగాడు. క్యాంటీన్లో మన తెలుగు అబ్బాయిలిద్దరు పక్క బల్ల దగ్గర కూర్చుని, నాకు అర్థం కాదనుకుని, నా జుట్టు గురించీ పెదవుల గురించీ గట్టిగానే మాట్లాడుకున్నారు. ఎవరైనా డబ్బులిస్తే ఈ పిల్లను పెళ్ళి చేసుకుంటావా అని ఒకడు, చీకట్లో ఎక్కడుందో వెతుక్కోవాలిరా అని ఇంకొకడు. నేను ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని, "అన్నా, జర ఆ చట్నీ ఇటియ్యరా?" అన్నాను. వాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తు. సౌమ్య ఆ రోజు నా తరఫున వాళ్ళతో పోట్లాడింది. "మా అక్కని అంటే ఊరుకోను" అంది. నాకంటే మూడు నెలలు చిన్నది. ఆ మాట విన్నాక నాకు కాలేజీ అంటే భయం పోయింది.

ఆఖరి ఏడాదిలో కాలేజీ వార్షికోత్సవానికి నాట్యాల పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన నాట్యంలో ప్రధాన నర్తకికి చెన్నైలో ఒక నాట్య విద్యాలయంలో ఏడాది శిక్షణ. వాళ్ళే అన్నీ చూసుకుంటారు. ఆ కాగితం నోటీసు బోర్డు మీద చూసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఐదు నెలలు కష్టపడి నేనే ఒక నాట్యం కూర్చాను. పెళ్ళి ఊరేగింపుల్లో మావాళ్ళు వేసే అడుగు ఒకటుంది. గుర్రం కళ్ళెం లాగినప్పుడు ముందుకాళ్ళు ఎత్తి ఆగినట్టు, ఆగి మళ్ళీ సాగినట్టు. ఆ అడుగు నాన్న దగ్గర నేర్చుకున్నాను. ముహర్రక్ ముసలివాళ్ళ గుండ్రటి తిరుగుడు, టీచర్ నేర్పిన కూచిపూడి కూర్పు, ఈ మూడూ ఒక్కచోటికి వచ్చాయి. గుర్రాల వెంట సముద్రం దాటి వచ్చి, తిరిగి వెళ్ళే దారి మరిచిపోయినవాళ్ళ కథ అది. దానికి గుర్రపు నడక అని పేరు పెట్టుకున్నాను. టీచర్‌కు తివాచీల మీద ఆడి చూపించినప్పుడు ఆవిడ లేచి దగ్గరికి వచ్చారు. తరువాత నా నుదురు ముద్దు పెట్టుకుని, "ఇది నేను కూడా చెయ్యలేనే తల్లీ," అన్నారు. గుంపుకు నేర్పే బాధ్యత ఆవిడే తీసుకున్నారు.

పోటీకి రెండు వారాలుందనగా ఒకరోజు సాధన మధ్యలో నన్ను పక్కకు పిలిచారు. "రిబ్కా, టేపు మీద డోలు ఏం బావుండట్లేదమ్మా. పక్కన కూర్చుని నువ్వే వాయించాలి. ఆట ఎవరికైనా నేర్పగలను, ఆ చెయ్యి నేర్పలేను కదా. నువ్వు వాయించు, ముందు నిలబడి సౌమ్య ఆడుతుంది. ఇది నీ నాట్యమేనని అందరికీ చెబుతాను." ముందు ఆడాల్సింది నేను కదా అనుకున్నాను. కాని టీచర్ కళ్ళలోకి చూస్తే అక్కడ నాకు ఎప్పుడూ కనిపించే ప్రేమే ఉంది. డోలు మీద నాన్న నేర్పిన చెయ్యిని ఆవిడ అంతగా మెచ్చుకున్నారని కొంచెం గర్వం కూడా కలిగింది. చెన్నై సంగతేమిటని అడగడానికి నోరు రాలేదు. గురువును అలా అడిగితే అత్యాశ అనుకుంటారని సిగ్గుపడ్డాను. నాట్యం పేరు మారిన సంగతి కార్యక్రమం కాగితం అచ్చయి వచ్చాక చూశాను. వనకన్య అని ఉంది. "గుర్రం అంటే జనానికి అర్థం కాదే, అడవి పిల్ల అంటే వెంటనే తెలుస్తుంది" అన్నారు టీచర్. మా కథలో అడవి ఎక్కడా లేదు.

ఇంకా రెండు రోజులుందనగా నన్ను ఇంటికి పిలిచి కిటికీ దగ్గర నిలబెట్టారు. "చెయ్యి ఇలా పెట్టమ్మా," అని నా ముంజేతిని వెలుతురుకు తిప్పి, మూడు మేకప్ స్టిక్కులు తీసి ఒక్కోదాంతో ఒక్కో గీత గీశారు. మొదటిది ఇటుక రంగులో తేలింది. రెండోది బూడిద రంగుగా కనిపించింది. మూడో గీత కనిపించనేలేదు, నా చర్మంలో కలిసిపోయింది. "ఇదే," అన్నారు టీచర్. నాకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. అప్పటిదాకా వేదిక ఎక్కిన ప్రతిసారీ తెల్లపిల్లలకు కొన్న గులాబీ పౌడరే నాకూ అద్దేవారు. ఫొటోల్లో నా ముఖం బూడిద పూసినట్టు ఉండేది. పదేళ్ళకు మొదటిసారి నాకోసం నా రంగు వెతికి తెచ్చారనుకున్నాను. పక్కన కూర్చుని డోలు వాయించేదానికి కూడా ఇంత శ్రద్ధా అనుకున్నాను. ఆవిడ చెయ్యి వదిలేశాక వంగి కాళ్ళకు దండం పెట్టాను.

వార్షికోత్సవం గురువారం సాయంత్రం నాలుగింటికి. నాన్న తనకున్న ఒకే ఒక్క కోటు వేసుకుని, ఇద్దరు డ్రైవరు స్నేహితులను వెంటబెట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు. అమ్మ డ్యూటీ మార్చుకోవడం కుదరలేదని రాలేదు. నేను వేదిక పక్క తెర చాటున డోలు ముందు కూర్చుని మేకప్ ఎప్పుడు వేస్తారా అని చూస్తున్నాను. దీపాలు ఆరాయి, సైగ వచ్చింది, వాయించడం మొదలుపెట్టాను. వెలుతురు పడేసరికి నడిమధ్య నేను నిలబడి ఉన్నాను. ఒక్క క్షణం నిజంగా అలాగే అనిపించింది. నా రంగు చేతులు, నా రంగు మెడ, నా జుట్టులాంటి ఉంగరాల జుట్టు. ఎడమకాలి మీద బరువు వేసి మడమ ఎత్తేసరికి అది సౌమ్య అని తెలిసింది. మూడో గీత ఎవరికోసమో అప్పుడు అర్థమైంది. నల్లపిల్లను చూపించడానికి నల్లపిల్లను తెర వెనక కూర్చోబెట్టి, తెల్లపిల్లకు నా రంగు పూశారు. హాలంతా చప్పట్లు. ఎవరో ఈలలు వేశారు.

పక్క తలుపులోంచి నాన్న వచ్చాడు. నా ముందు నిలబడి, వేదిక వైపు ఒకసారి చూసి, "లే బేటీ. చలో, ఇంటికి పోదాం," అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. "లే అంటున్న కదా," అన్నాడు. నా చేతులు ఆగలేదు. ఆపితే వేదిక మీద ఎనిమిదిమంది తాళం తప్పి ఒకరి మీద ఒకరు పడతారు. అదొక్కటే నా బుర్రలో ఉంది. గుర్రపు నడక చివరిదాకా వాయించాను. నాన్న అక్కడే, దండెం మీద వేలాడేసిన బట్టలా, కదలకుండా నిలబడ్డాడు. మొదటి బహుమతి వచ్చింది. టీచర్ మైకులో అందరి పేర్లూ చెప్పారు. డోలు రిబ్కా అన్నారు. కూర్పు మాత్రం తనదే అన్నారు.

ఆ సాయంత్రం నాన్న స్నేహితులను సల్మాబాద్‌లో దింపి, ఖాళీ బస్సు సిత్రా వంతెన మీద పోతుండగా ఒక్క మాట అన్నాడు. "తాళం ఎక్కడా తప్పలేదు నువ్వు." అది మెచ్చుకోలో, దెప్పుడో ఈ రోజుకీ నాకు తెలియదు. నేను అడగకముందే ఆయన పోయాడు. ఆ తరువాత నేను ఎన్ని వేదికలు ఎక్కినా నాన్న చూడటానికి రాలేదు.

మరుసటి శుక్రవారం జుఫైర్ వెళ్ళాను. టీచర్ నన్ను చూడగానే అన్నం తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను, తినలేదు. "నేనే ఎందుకు ఆడకూడదు టీచర్?" అని అడిగాను.

"నువ్వు నల్లగా ఉన్నావని కాదు తల్లీ. స్టేజి సంగతి నీకు తెలీదు. నిజం నలుపు లైట్లకి అందదు. నీ ముఖంలో భావం వెనక వరస దాకా వెళ్ళదు. వేసిన నలుపైతే కళ్ళూ, పెదవులూ విడివిడిగా కనిపిస్తాయి. కళ కోసం కొన్ని చెయ్యాలి."

"చెన్నైకి కూడా వేసిన నలుపే వెళ్తుందా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "పదేళ్ళు నా చేత్తో అన్నం పెట్టాను రిబ్కా. ఈ మాట నీ నోట్లోంచి రావచ్చా?"

"పెట్టారు టీచర్. కాదనను."

లోపలి గది తలుపు ఓరగా తెరిచి ఉంది. తలుపు కింద సౌమ్య పాదాలు కనిపిస్తున్నాయి. క్యాంటీన్లో నాకోసం పోట్లాడిన పిల్ల ఆ గుమ్మం దాటి ఒక్క అడుగు బయటికి వేయలేదు. నేను గజ్జెలు అక్కడే వదిలేసి ఏడంతస్తులూ మెట్ల మీద దిగాను.

డిగ్రీ చేతికొచ్చాక జుఫైర్‌లోనే ఒక హోటల్లో ఉద్యోగం దొరికింది. ముందు కౌంటరు అన్నారు, చేరాక లోపలి గదిలో లెక్కలు రాయమన్నారు. ఎనిమిది నెలలు చేసి హైదరాబాదు వచ్చేశాను. కొన్నేళ్ళకు అమ్మా నాన్నా కూడా వచ్చేశారు. ఏసీ గార్డ్స్‌లో నాన్న అన్నదమ్ముల పిల్లలతో చిన్న జట్టు కట్టాను. మొదట్లో పెళ్ళి ఊరేగింపుల్లో ఆడాం. పీజీ నాట్యంలో చేశాను. మెల్లగా వేదికలు, వర్క్‌షాపులు, రెండు మూడు విదేశాల పిలుపులు వచ్చాయి. ఒకసారి పెద్ద ఉత్సవంలో గుర్రపు నడక ఆడాలని అన్నీ సిద్ధం చేసుకున్నాం. సాధన చూసిన నిర్వాహకుడొకాయన నన్ను పక్కకు పిలిచి మర్యాదగానే అడిగాడు, "ఇది విమలగారి వనకన్య కదమ్మా? వాళ్ళ అనుమతి తీసుకున్నారా?" ఆ నాట్యాన్ని టీచర్ శిష్యులు అప్పటికే ఎన్నో ఊళ్ళలో ఆడారట. మా నాన్న అడుగును నేను దొంగిలించానన్న నింద పడింది. నా దగ్గర రుజువేముంది? ఆ రోజు వేరే నాట్యం ఆడి వచ్చాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది కూడా. నా హాలు పక్కనున్న దుకాణంలోనే నలభై రంగుల మేకప్ అమ్ముతున్నారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు తమ ముఖాలను తామే ఫోన్లో చూసుకుని మురుస్తారు, ఎవరైనా రంగు గురించి అంటే అక్కడికక్కడే కడిగేస్తారు. మా రోజుల్లో ఆ నోరు మాకు లేదు. కాని ఇప్పటి పిల్లలకు ఒక చేత్తో నుదుటి చెమట తుడుస్తూ రెండో చేత్తో ముద్ద పెట్టే గురువు కూడా లేదు. ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకుంటారు, నా దగ్గర దిద్దుకుని పోతారు. ఏది మేలని నన్నడిగితే వాళ్ళదే మేలంటాను. ఎవరి చేతి అన్నమూ తినని వాళ్ళకు ఆ అన్నం గొంతుకు అడ్డం పడదు. నేను పిల్లలకు కాఫీ కూడా కలిపి ఇవ్వను. కఠినురాలినని తల్లులు చాటున అనుకుంటారు. అనుకోనీ.

సౌమ్య అన్న మాట దగ్గరికి వస్తాను. ఆ ఆదివారం హాల్లో ఆమె నేల వైపు చూస్తూ చెప్పింది. "నేను చెన్నైలో ఏడాది పూర్తి చెయ్యలేదు తెలుసా? ఆరు నెలలకే వచ్చేశాను. తరువాత ఆడనే లేదు. ఆ రోజు రంగు కడుక్కోవడానికి గంట పట్టింది. అమ్మ కొబ్బరినూనెతో తుడుస్తుంటే ఏడ్చాను, రిబ్కాకి ఏం చెబుతావని అడిగాను. రిబ్కా ఏమీ అనుకోదులే, వాళ్ళమ్మతో ముందే మాట్లాడాను, ఆవిడ సరేనంది అని చెప్పింది. అందుకే నేను కూడా ఊరుకున్నాను. మీ ఇంట్లో అందరికీ తెలుసనుకున్నాను."

ఆమె తెలియక అన్నదో, తన బరువు దించుకోవడానికి అన్నదో నాకు తెలియదు. గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

అమ్మ నాతోనే ఉంటుంది. నాన్న పోయినప్పటి నుంచి నా గది పక్క గదే ఆమెది. ఇంటికి వచ్చేసరికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "అమ్మా, బహ్రెయిన్‌లో ఆ నాట్యం సంగతి నీకు ముందే ఎరుకనా?"

ఏ నాట్యమని అమ్మ అడగలేదు. చేతిలోని కాయ పక్కన పెట్టింది. "ఎర్కనే బిడ్డా."

"రంగు పూస్తరని కూడా?"

"చెప్పిందామె. హోటలుకొచ్చి మరీ చెప్పింది. మీ ఇష్టం మేడమ్ అన్న."

"నాయిన కొలువు తీసేపిస్తనని బెదిరించిందా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. అవునని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని. ఇద్దరం బతికిపోయేవాళ్ళం. "అట్లేం అనలే. అబద్ధమెందుకు, దేవుడు సూస్తుండు. నువ్వు ముందట నిలబడితే అందరు నవ్వుతరని భయమైంది నాకు. ఒక్కదాన్ని సూసి అంతమంది నవ్వితే నేను ఓర్వలేననుకున్న. గందుకే ఆ దినం రాలే. డ్యూటీ లేకుండె." పక్కన పెట్టిన చిక్కుడుకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుని అంది, "మీ నాయినను చేసుకున్నప్పుడు నాకు సిగ్గు లేదనుకున్న బిడ్డా. నీ కాడికొచ్చేసరికి ఉండె."

ఆ పూట అన్నం వండి, వడ్డించి, నా కంచం నా గదిలోకి తీసుకుపోయాను. మరునాడు సౌమ్యకు ఫోను చేసి సభకు రానని చెప్పాను. ఇంకా అమ్మ మీద కోపమేనా అని అడిగింది. ఇప్పుడు నా కోపం ఏ అమ్మ మీదో ఆమెకు తెలియదు. ఫోను పెట్టేశాను. వారం రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. నీళ్ళు కాగాయి, మాత్రలు వేసుకున్నావా, తలుపు వేసుకో.

తరువాతి ఆదివారం నేను బయల్దేరుతుంటే అమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నేనొస్త," అంది. నా హాలుకు ఆమె ఎన్నడూ రాలేదు. నేనూ రమ్మనలేదు. ఆటోలో హాలుకు వెళ్ళాం. వెనక గోడ పక్కన ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పిల్లలు ఇంకా రాలేదు. మా చిన్నాన్న కొడుకు డోలు అందుకున్నాడు. నేను మధ్యలో నిలబడి గుర్రపు నడక మొదలుపెట్టాను. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కొంచెం ముందుకు రా బిడ్డా. నాకు సరిగ కనబడ్తలేవు."

నేను జరగలేదు. నాకు నచ్చినచోటే ఆడుతున్నాను, చూడాలనుకున్నవాళ్ళే దగ్గరికి రావాలి. డోలు సాగుతోంది. రెండో చుట్టు మధ్యలో కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్న చప్పుడయింది. ఆగింది. మళ్ళీ అయింది.